పాట ఆపినా అడుగు నిలవాలె: హైస్కూల్లో నాట్యం పాఠంగా చెప్పడం

(నల్లగొండలో హైస్కూలు టీచర్ల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతున్నదా? సరే.

సార్లూ, మేడమ్‌లూ, మన బడుల్లో డ్యాన్స్ లేదని ఎవరూ అనలేరు. ఆగస్టు పదిహేనుకు ఉంటది, బతుకమ్మకు ఉంటది, యానివర్సరీకి ఉంటది. లేనిది డ్యాన్స్ పాఠం. నలభై మంది ఉన్న క్లాసులో ఎనిమిది మందిని ఏరుకుంటం, పది రోజులు వేరే పీరియడ్లు ఎగ్గొట్టించి ఫోన్‌లో వీడియో చూపిస్తం, స్టేజీ ఎక్కిస్తం, దించుతం. మిగిలిన ముప్పై రెండు మంది కింద కూర్చొని చప్పట్లు కొడ్తరు. లెక్కల సారు ఎనిమిది మందికే లెక్కలు చెప్పి మిగతావాళ్ళను చప్పట్లు కొట్టమంటే మనం ఊరుకుంటమా?

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. ఆ ఎనిమిది మంది ఆడుతుండంగ మధ్యలో స్పీకర్ బంద్ చెయ్యండి. రెండు మూడు అడుగులు పడతయి, ఆ తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుంటరు. ఎందుకంటే వాళ్ళకు వచ్చింది అడుగు కాదు. పాటలో ఫలానా మాట రాంగనే ఫలానా చెయ్యి లేపాలె, అది గుర్తు పెట్టుకున్నరు, అంతే. పాట ఆపినా నిలిచేదాన్ని నేర్పడమే మన పని. ఈ పూట నేను చెప్పేదంతా దాని గురించే.

కాగితాల సంగతి తొందరగా ముగిస్త. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలను పదో తరగతి దాకా సబ్జెక్టుగా పెట్టమన్నది. 2023 చట్రం కూడా కళావిద్యను పక్క పనిగా కాకుండా పాఠ్యాంశంగనే చూసింది. ఎన్‌సీఈఆర్‌టీ ఆరో తరగతి కళల పుస్తకం 'కృతి'లో చిత్రం, సంగీతం, నాటకంతోపాటు నాట్యానికీ పాఠాలున్నయి. సీబీఎస్‌ఈ పదకొండు, పన్నెండు తరగతుల్లో కూచిపూడిని సబ్జెక్టుగా తీసుకోవచ్చు, రాత పరీక్షకు 30, ప్రాక్టికల్‌కు 70 మార్కులు. మన హైస్కూళ్ళకొస్తే, చాలావాటిలో నాట్యం టీచర్ అనే పోస్టే లేదు. ఈ పని పీఈటీ మీదనో, తెలుగు మేడమ్ మీదనో పడతది. మీరు నాట్యం నేర్చుకున్నవాళ్ళు కాకపోయినా పర్వాలేదు, కాని లెక్క తప్పకుండ చప్పట్లు కొట్టడం రావాలె. అది రాకపోతే ముందు మీరు నేర్చుకోండి, వారం చాలు.

పాఠం చప్పట్లతోనే మొదలైతది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు చూడండి. నిమిషానికి అరవై, అదే మన మొదటి వేగం. దాని మీద పిల్లలతో 'తకధిమి' అనిపించండి, నాలుగు అక్షరాలకు నాలుగు చప్పట్లు. తర్వాత 'తకిట', మూడు. ఆరో తరగతికి ఈ రెండు చాలు. ఏడులో ఐదు, 'తకతకిట'. ఎనిమిదిలో ఏడు, 'తకిట తకధిమి'. తొమ్మిది అక్షరాల సంకీర్ణం జోలికి బడిలో పోవద్దు, నాలుగు మీద నిలబడలేని పిల్లగాడికి తొమ్మిది దేనికి? ఆది తాళం చెయ్యి కూడా ఆరులోనే పట్టించండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, మల్ల దెబ్బ, విసురు (అరచెయ్యి పైకి తిప్పడం), దెబ్బ, విసురు. ఎనిమిది.

ముందు నోరు, తర్వాత చెయ్యి, ఆ తర్వాతే కాలు. ఈ వరుస మార్చొద్దు. నోటితో అనలేనిది కాలుతో రాదు.

తప్పు ఎక్కువగ రెండో కాలం దగ్గర జరుగుతది. రెండో కాలం అంటే చప్పట్లు అంతే ఉండాలె, ఒక్కో చప్పట్లో రెండు అడుగులు పడాలె. పిల్లలు ఏం చేస్తరు? అడుగుతోపాటు చప్పట్లనూ ఉరికిస్తరు. చూసేవాళ్ళకు వేగం పెరిగినట్టే కనబడతది, లెక్క మాత్రం మారలేదు. కాలు చూసి చెయ్యి పరుగెత్తడమే దీనికి కారణం. మందు సులువు: తాళం వేసే పిల్లను మిగతావాళ్ళకు వీపు చేసి నిలబెట్టండి. ఆమెకు కాళ్ళు కనబడవు కాబట్టి చెయ్యి ఉరకదు.

ఇగ నలభై నిమిషాల పీరియడ్. హాజరు, చెప్పులు విప్పి చోటు చేసుకోవడం మూడు నిమిషాలు. ఒళ్ళు వేడెక్కించడానికి ఐదు. లయకు ఎనిమిది. కొత్త అడుగుకు పన్నెండు. గుంపుల్లో సాధనకు ఎనిమిది. చివర నాలుగు నిమిషాలు కూర్చొని నోటుబుక్కులో రాయడం. ఆ చివరి నాలుగు నిమిషాలను ఎవరూ తినొద్దు. నాట్యం నోటుబుక్కులో ఏం రాస్తరని అడుగుతరు. అడుగు రాస్తరు. ఎనిమిది గళ్ళు గీయించండి. కుడి కాలుకు 'కు', ఎడమకు 'ఎ', ఆగితే చుక్క, తిరిగితే సున్న. ఉదాహరణకు 'కు ఎ కు చుక్క, ఎ కు ఎ చుక్క'. ఇది చదివి ఇంకో సెక్షన్ పిల్లలు అదే అడుగు వెయ్యగలిగితే రాసింది సరిగ్గ ఉన్నట్టు. దసరా, సంక్రాంతి సెలవులు, పరీక్షలు పోను వారానికొక పీరియడ్ లెక్కన ఏడాదికి ముప్పై దొరికితే గొప్ప. ముప్పై పీరియడ్లలో అన్ని నాట్యాలూ రావు. ఎనిమిదో తరగతికైతే ఒక్క కోలాటాన్ని పట్టుకొని పది పీరియడ్లు ఉండమంట.

కోలాటమే ఎందుకు? నల్లగొండలో గాని, పాలమూరులో గాని పిల్లలకు అది కొత్త కాదు, గుడి దగ్గరో ఊరేగింపులోనో చూసే ఉంటరు. ఇంకో కారణం కూడా ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఆడపిల్లలూ మగపిల్లలూ చేతులు పట్టుకోమంటే సిగ్గుతో చస్తరు, తల్లిదండ్రులు కూడా మాట అంటరు. కోలాటంలో కలిసేవి కోలలు, చేతులు కావు.

కోల పొడవు పిల్లల మోచేతి నుంచి పిడికిలి దాకా పెట్టించుకొని కోయండి, అటూ ఇటూగా అడుగు వస్తది. మందం పిల్ల బొటనవేలంత. ఎండిన గట్టి కర్ర కావాలె, పచ్చిదైతే మొద్దుగ మోగుతది, నాలుగు రోజుల్లో వంగుతది. కొసలు గరుకు కాగితంతో గుండ్రంగ రుద్దించండి. మువ్వలు కట్టాలని మేకులు కొట్టొద్దు, మేకు ఊడి కంట్లో పడితే ఆట కాదు. నలభై మందికి ఎనభై కోలలు, పగిలేవాటికి ఇంకో పది.

పట్టు కింది కొస దగ్గర కాదు. కింది నుంచి మూడో వంతు దగ్గర పట్టాలె, బొటనవేలు పైన, పిడికిలి వదులుగ. బిగించి పడితే దెబ్బ మణికట్టుకు ఎక్కుతది, ఐదు నిమిషాల్లో 'చెయ్యి గుంజుతుంది సార్' అంటరు. మరీ కొసన పడితే కోల ఎగిరిపోతది. దెబ్బ పైమూడో వంతు దగ్గర, కోలలు ఒకదానికొకటి అడ్డంగ తగలాలె. నిలువుగ తగిలితే ఒకరి కోల జారి ఇంకొకరి వేళ్ళ మీద పడతది. కోలాటంలో ఏడుపులన్నీ ఆ జారుడువే.

గ్రౌండ్‌లో గుంజ ఒకటి పాతండి, తాడు కట్టండి. పిల్లలు దాని చుట్టూ రెండు గుండ్రని వరుసల్లో ఎదురెదురుగ నిలబడాలె. బయటి వరుసకు తాడు 4.8 మీటర్లు, లోపలి వరుసకు 3.8. లెక్కల సారును పిలవండి: రెండు పై ఆర్ చేస్తే బయటి చుట్టు ముప్పై మీటర్లు, ఇరవై మంది నిలబడితే మనిషికి మనిషికి మీటరున్నర. గీతలు ముగ్గుపిండితోనే గీయండి. ఆటల కోర్టులకు సున్నం వేస్తరు కదా, అది వద్దు, చెమట పట్టిన ఒట్టి కాళ్ళకు మంట పుడతది.

ఎనిమిది లెక్కల కొట్టు, అంటే కోలలు కొట్టే వరుస చెప్త, రాసుకోండి. ఒకటికి తన కోలలు తను నడుము ఎత్తులో. రెండుకు ఎదుటివాళ్ళతో కుడికి కుడి. మూడుకు మల్ల తనవి. నాలుగుకు ఎడమకు ఎడమ. ఐదుకు తనవి. ఆరుకు రెండు కోలలూ ఎదుటివాళ్ళ రెండింటితో. ఏడు, ఎనిమిది నడక: బయటి వరుస తన కుడికి ఒక మనిషి దాటతది, లోపలి వరుస ఉన్నచోటనే అడుగులేస్తది. బయటివాళ్ళు మాత్రమే కదిలితే ఇరవై సార్లకు, అంటే నూట అరవై లెక్కలకు, మొదటి జోడీ మల్ల ఎదురు పడాలె. మన వేగంలో రెండు నిమిషాల నలభై సెకన్లు. ఎదురు పడితే ఎవరూ తప్పలేదు. ఎవరు తప్పిన్రో వెతకాల్సిన పని లేదు, జోడీలే చెప్తయి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. కొన్నిచోట్ల హుషారుగ రెండు వరుసలనూ కదిలిస్తరు, ఒకటి అటు, ఒకటి ఇటు. అప్పుడు ఒక్కో సారికి ఇద్దరు దాటిపోతరు. పది సార్లకే పాత జోడీ వస్తది, మధ్యలో పదిమందితో అసలు కోల కలవనే కలవదు. చూడటానికి బాగనే ఉంటది, కాని 'అందరితో అందరూ' అన్నది పోయింది. ఇది పిల్లలకు చెప్పకండి, చేయించి, ఎందుకిట్లయిందో వాళ్ళనే అడగండి. ఒక పీరియడ్ అంతా దానికే పోతది, పోనియ్యండి.

మొదటి వారం కోలలు వద్దు, పిల్లలు గాలిలో అరచేతులతో కొట్టు చూపుతరు. రెండో వారం కుడి చేతికి ఒక్క కోల. మూడో వారం రెండు. క్లాసులో ముప్పై తొమ్మిది మందే ఉన్నరా? మిగిలినవాళ్ళు మిగిలినవాళ్ళు కాదు, ఆ రోజుకు తాళం వాళ్ళది, వారం వారం మారాలె. ఇగ చెవి. ఇరవై జోడీలు కొడితే ఒక్కటే 'టక్' రావాలె. రేకుల మీద వడగండ్లు పడ్డట్టు 'టకటకటక' వస్తున్నదంటే వేగం ఎక్కువైంది, తగ్గించండి.

కోలాటం వదిలి వరుసల్లో నిలబెట్టినప్పుడు ఇంకో రోగం బయటపడతది. ముందు వరుస ఆడతది, వెనక వరుస ముందు వరుసను చూసి ఆడతది. చూసి వేసే అడుగు ఎప్పుడూ అర లెక్క ఆలస్యమే. టీచర్ కూడా ముందు వరుసనే చూస్తడు కాబట్టి అందరికీ వచ్చిందనుకుంటడు. పీరియడ్‌లో రెండు సార్లు 'వెనక్కి తిరుగు' అనండి, వెనక వరుస ముందుదైతది. ఆ మొదటి పది సెకన్లలో మీకు అసలు క్లాసు కనబడతది. ఎదురుగ నిలబడి చెప్పే టీచర్లకు కూడా ఒక మాట: మీ కుడి పిల్లలకు ఎడమ. కొత్త అడుగును ముందు వీపు చేసి చూపించండి, తర్వాతనే ఎదురు తిరగండి.

శాస్త్రీయం చెప్పగలిగినవాళ్ళకు అరమండి గురించి, అంటే మోకాళ్ళు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు నిలబడటం. పాదాలు పూర్తిగ పక్కలకు తిప్పించి కూర్చోమంటరు. పాదం తిరుగుతది, తుంటి తిరగదు, మోకాలు మధ్యలో నలుగుతది. పైనుంచి చూస్తే మోకాలు రెండో వేలు మీదికి రావాలె. బొటనవేలు దాటి లోపలికి పడుతున్నదంటే పాదాల కోణం తగ్గించండి. లోతు కోసం ఆశపడొద్దు. మొదట్లో ఎనిమిది లెక్కలు నిలబడితే చాలు, నెల తర్వాత పదహారు. నడుము వెనక్కి పోతుంటే గోడకు వీపు ఆనించి చేయించండి. మన జిల్లాలో మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు ఎముకలను ఏం చేసినయో మీకు నేను చెప్పక్కర్లేదు. కీళ్ళు బిగుసుకున్న పిల్ల గాని, కాలు బాగలేని పిల్ల గాని ఉంటే అరమండికి బలవంతపెట్టొద్దు. కుర్చీలో కూర్చొని చేతులు, చూపు, తాళం చెయ్యొచ్చు, మార్కులు కూడా వాటికే పూర్తిగ వెయ్యొచ్చు.

గజ్జెలు మొదటి ఏడాది వద్దేవద్దు. గజ్జెలు కడితే అడుగు పడ్డా మోగుతది, పడకపోయినా మోగుతది. ఒట్టి కాలు నేల మీద పడే చప్పుడు టీచర్‌కు వినబడాలె. సిమెంటు వరండాలో, బండల మీద గంతులు తగ్గించండి, దూకితే మోకాళ్ళు వంచి, మునివేళ్ళు ముందు ఆనాలె. లేకపోతే ముంగాలి ఎముక నొప్పి పట్టుకుంటది. మట్టి గ్రౌండ్ మేలు, నీళ్ళు చిలకరించి, కంకర ఏరి. టార్పాలిన్ మీద ఆడించొద్దు, మడత పడి జారుతరు. మధ్యాహ్న భోజనం అయినంక గంట దాకా ఈ పీరియడ్ వెయ్యొద్దు. మార్చిలో ఒంటిపూట బడులు మొదలైతే మొదటి పీరియడ్‌కు మార్పించుకోండి, పదకొండు దాటితే నేల కాలుతది. చున్నీలు అడ్డంగ వేసి నడుము దగ్గర ముడి వేయించండి. నెలసరిలో ఉన్న పిల్ల ఆడత అంటే ఆడనియ్యండి, కూర్చుంట అంటే కూర్చోనియ్యండి, కారణం అందరి ముందు అడగొద్దు.

హస్తాలు, అంటే చేతి ముద్రలు. అభినయ దర్పణం అనే పాత నాట్య గ్రంథంలో ఒంటి చేతి హస్తాలు ఇరవై ఎనిమిది. వాటిని ఎక్కాల్లెక్క బట్టీ పట్టిస్తరు, 'పతాక త్రిపతాక అర్ధపతాక...' అని. పిల్లలు గడగడ చెప్తరు, దేనికి వాడాలె అంటే నోరు తెరుస్తరు. ఆరో ఎనిమిదో చెప్పండి, కాని వాడించండి. పతాకాన్నే తీసుకోండి: నాలుగు వేళ్ళు చాచి దగ్గరగ, బొటనవేలు ముడిచి. సగం మందికి బొటనవేలు బయటికి పొడుచుకొని ఉంటది, ముందు అది సరిచెయ్యండి. ఇదే చెయ్యి మబ్బుకు, అడవికి, నదికి, 'వద్దు' అనడానికి. చెయ్యి మారలేదు, మరి ఏం మారింది? చూపు మారింది, ఎత్తు మారింది, కదలిక మారింది. ఒకరు చేస్తే మిగతావాళ్ళు ఏదో చెప్పాలె. తప్పు చెప్తే తప్పు చూసినవాళ్ళది కాదు, చేసినవాళ్ళది.

'ఊరి ఆటలు సిలబస్ అయితయా' అని ఇంతకుముందు ఒక మేడమ్ అడిగిన్రు. కాకతీయ గణపతిదేవుని దగ్గర గజసేనను నడిపిన జాయప సేనాని 1253-54లో నృత్తరత్నావళి అనే నాట్యశాస్త్రం రాసిండు. ఎనిమిది అధ్యాయాల్లో మొదటి నాలుగు మార్గానికి, అంటే శాస్త్ర పద్ధతికి, చివరి నాలుగు దేశికి, అంటే ఆయా ప్రాంతాల ఆటలకు. దేశిలో పేరణి నాట్యం ఉంది, కోలలతో ఆడే దండరాసకం ఉంది. ఏనుగుల దండును నడిపే మనిషికి కోలలాట శాస్త్రంలో రాయదగ్గదిగ కనబడ్డది, మనకెందుకు కనబడొద్దు?

మగపిల్లలు రారని అంటరు. పీర్ల పండుగకు అలావా (నిప్పుల గుండం) చుట్టూ డప్పు మీద రాత్రంత ఆడేది ఎవరు? ఆ అడుగు నోటుబుక్కులో గళ్ళలో రాయమనండి, బతుకమ్మ చప్పట్లు 'ఉయ్యాలో'లో ఏ అక్షరం మీద పడుతున్నయో ఆడపిల్లలను రాయమనండి, రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. ఒక్క జాగ్రత్త: 'డప్పు ఎవరికొస్తది?' అని క్లాసులో అడిగి, లేచిన చేతులకే ఏడాదంతా డప్పు ఇయ్యొద్దు. ఆ ప్రశ్న కులం అడిగినట్టే వినబడతది. డప్పు కొట్టే చిర్ర, సిటికెన పుల్ల అందరి చేతుల్లోంచి తిరగాలె. దేవరకొండ దిక్కు తండాల పిల్లలను కూడా 'మీ అవ్వ అద్దాల బట్టలు తీసుకరా' అని పంపొద్దు. అవి ఇంట్ల విలువైనవి, పోతే తెచ్చియ్యలేం. అడుగు నేర్పమనండి, యూనిఫాంలోనే.

తొమ్మిదో తరగతికి సొంతంగ కట్టే పని ఇవ్వాలె. ఐదుగురి గుంపు, పదహారు లెక్కలు, ముందు పాట లేకుండ చూపాలె. రైతు డ్యాన్స్ చెయ్యమంటే అందరూ నెత్తికి తువ్వాల చుట్టి చెయ్యి అడ్డం పెట్టి ఆకాశం చూస్తరు. అదొద్దు. సాగర్ కాలువ కింద నాటు వేసే చోటికి పోయి లెక్క పట్టుకరమ్మనండి. ఎడమ చేతిలో నారు, కుడి చెయ్యి రెండు మూడు మొక్కలు విడదీస్తది, బొటనవేలితో బురదలో గుచ్చుతది, పక్కకు, పక్కకు, పక్కకు, తర్వాత ఒక అడుగు వెనక్కి. వెనక్కి! స్టేజీల మీద నాటేసే పిల్లలందరూ ముందుకు నడుస్తరు, నాటిన మొక్కలను తొక్కుకుంట. ఈ ఒక్కటి చూసొచ్చిన గుంపు కట్టేదే వేరేగ ఉంటది.

మార్కులు. ఇరవై అనుకుందాం. లెక్క నిలబెట్టడానికి ఐదు, ఒంటి నిలకడకు ఐదు, గుంపులో కట్టిన దానికి ఐదు, నోటుబుక్కు, ఇతరులను చూసి చెప్పడానికి ఐదు. 'అందం', 'కళ' అని ఒక్క మార్కు కూడా పెట్టొద్దు, అది చివరికి రంగుకు, బట్టలకు పోతది. నలుగురిని పిలవండి, ముప్పై రెండు లెక్కలు. మొదటి పదహారులో మీ కళ్ళు కాళ్ళ మీదనే, తర్వాతి పదహారులో నడుము పైన. రెండూ ఒక్కసారి చూస్తమనుకునేవాళ్ళు ఏదీ చూడరు. నలభై మందికి పది గుంపులు, రెండు పీరియడ్లలో అయితది. పాట పెట్టొద్దు. అనుమానం ఉంటే వీడియో తీయండి, మార్కులు వేసినంక తుడిచెయ్యండి. ఆడపిల్లల వీడియోలు స్టేటస్‌లో, స్కూలు గ్రూపులో పెట్టే అలవాటు ఉంది కొందరికి. తల్లిదండ్రులు ఒక్కసారి పిల్లను మానిపిస్తే మల్ల పంపరు.

ఇగ మాటలు చాలు. గుంజ పాతి ఉంది, తాడుకు 3.8 దగ్గర, 4.8 దగ్గర ముడులు వేసిన. చెప్పులు ఇక్కడే విడిచి రండి. కోలలు ఈ పూటకు లేవు, అరచేతులే. బేసి సంఖ్య వస్తే తాళం నేను వేస్త.